ఆచూకీ లేనివారి ఆస్తిపాస్తులు



చెన్నపట్టణమునుండి ఉత్తరముగా కలకత్తా రాజమార్గమున వచ్చువారికి ఆంధ్రదేశపు సరిహద్దున మొదట ఎదురగు ఊరు తడ. అచటికి పడమరగా, సత్యవేడు, వరదయ్యపాళెము మండలముల పల్లెల నడుమ, 2008వ సంవత్సరమున వెలసిన పారిశ్రామిక నగరమునకే శ్రీ సిటీ అని పేరు. ఇసుజు వాహనములు, ఆల్‌స్టామ్ వారి మెట్రో రైలుపెట్టెలు, క్యాడ్‌బరీ చాక్లెట్లు మొదలుకొని చలువయంత్రముల వరకు తయారగుచున్న ఆ కర్మాగారములలో పనిచేయుటకు చుట్టుపట్ల పల్లెలనుండియేగాక శ్రీకాకుళమునుండియు, ఒడిశా, బీహారు రాష్ట్రములనుండియు యువతీయువకులు వచ్చి, తడలోను సూళ్ళూరుపేటలోను సత్యవేడులోను గదులు బాడుగకు తీసికొని, షిఫ్టుల ననుసరించి నిద్రించుచు మేల్కొనుచు కాలము గడుపుచున్నారు.

ఇట్టి చోట మనిషి కనబడకుండ పోయినచో ఆ సంగతి వెంటనే ఎవరికిని తెలియదు. పల్లెటూరిలో పొద్దుగుంకువేళకు ఇల్లు చేరనివానికై పదిమంది లాంతర్లు పట్టుకొని వెదకుదురు. ఇచటనో, పనికి రాకపోయినవాడు స్వగ్రామమునకు పోయియుండునని గదిలోనివారు తలంతురు. ఫోను ఎత్తనివాడు రాత్రి షిఫ్టులో నుండునని ఇంటివారు తలంతురు. మేస్త్రీ అతని పేరు కొట్టివేసి మరియొకని పేరు వ్రాసికొనును. ఇరుపక్షములవారును ఒకరి నొకరు విచారించుకొనునప్పటికి దినములు, ఒక్కొక్కప్పుడు వారములు, గడచిపోవును. అప్పుడు ఆ కుటుంబమునకు దుఃఖముతోపాటు మరియొక చిక్కు ఆరంభమగును. అతని జీతము బ్యాంకులో నున్నది, తీయుటకు హక్కులేదు. అతని పేరిట అప్పున్నది, కంతు ఆగదు. పాసుపుస్తకము అతని పేర నున్నది; దానిపై మరియొకరి సంతకము చెల్లదు. ఈ చిక్కును గూర్చియే నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని.

మన న్యాయశాస్త్రము బ్రదికియున్నవాని హక్కులను చక్కగా నిర్ణయించినది. చనిపోయినవాని సొత్తు ఎవరికి చెందవలెనో అంతకంటెను చక్కగా నిర్ణయించినది. ఈ రెంటి నడుమ నిలిచినవానికి మాత్రము అది చూపినది ఒకే యొక గడువు. ఒక వ్యక్తి బ్రదికియున్నచో సహజముగా అతని వార్త వినవలసినవారు ఏడేండ్లపాటు ఏ వార్తయు విననియెడల, అతడు జీవించియున్నాడని వాదించువారే దానిని రుజువు చేయవలెనని 1872 నాటి సాక్ష్యచట్టము 108వ సెక్షనున చెప్పెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున అదే సూత్రము 111వ సెక్షనుగా, పెద్దమార్పేమియు లేకుండ, నిలిచియున్నది. ఈ ఏడేండ్ల లెక్క మనది కాదు. ఆంగ్లదేశమున 1666లో, ఒకరి ఆయుర్దాయము ముగియువరకు చెల్లునట్లు వ్రాసికొన్న కౌలు భూములలో, ఆ ఒకడు సముద్రము దాటిపోయి ఏడేండ్లు ఐపు లేకున్నచో చనిపోయినట్లే ఎంచవలెనని చేసిన శాసనము దానికి మూలములలో నొకటి. తెరచాప ఓడలనాటి ఆ కొలతను సాక్ష్యచట్టకర్తయగు స్టీఫెన్ మనదేశమునకు తెచ్చిపెట్టెను. నేడు క్షణములో కబురందు కాలమునను మనము ఆ కొలతతోనే కొలుచుచున్నాము.

మన ప్రాచీనులకు మాత్రము ఈ చింత లేకపోలేదు. ధర్మకార్యమునకై దేశాంతరమేగిన భర్తకొరకు భార్య 8 సంవత్సరములు, విద్యకో కీర్తికో ఏగినవానికై 6 సంవత్సరములు, కామప్రేరితుడై పోయినవానికై 3 సంవత్సరములు ఎదురుచూడవలెనని మనుస్మృతి విధించెను. ఆపైన ఆమె యేమి చేయవలెనో చెప్పక విడిచెను గాన వ్యాఖ్యాతలు తలకొక త్రోవ పట్టిరి. పండ్రెండేండ్లు చూచి, మోదుగాకులతో బొమ్మచేసి దానికి దహనసంస్కారము జరుపు ఆచారమును ధర్మశాస్త్రములయందు కలదు. ఆ యాచారము కర్మకాండకు నేటికిని పనికివచ్చునేమో కాని, బ్యాంకు మేనేజరు ఎదుట పనికిరాదు.

ఏడేండ్ల సూత్రమును గూర్చి జనసామాన్యమునందే కాదు, అధికారులయందును ఒక అపోహ స్థిరపడియున్నది. ఏడేండ్లు నిండనిదే ఎవరిని గాని చనిపోయినట్లు ఎంచరాదని వారి నమ్మకము. చట్టము అట్లు చెప్పలేదు. ఏ సాక్ష్యమును లేనిచోట ఊతగా నిలుచుటకే, ఏడేండ్లు వార్త లేనివాడు మరణించెనను ఈ యూహ ఏర్పడినది. మరణము సంభవించినదని పరిస్థితులే ఘోషించునప్పుడు గడువుతో నిమిత్తము లేదు. 2016 జూలై 22వ తేదీ ఉదయమున తాంబరము వైమానికస్థావరమునుండి పోర్ట్‌బ్లెయిరునకు బయలుదేరిన వాయుసేన ఏ.ఎన్.-32 విమానము 29 మందితో బంగాళాఖాతముపై అదృశ్యమైన సంగతి శ్రోతలకు జ్ఞాపకముండును. వారిలో 8 మంది విశాఖపట్టణమునందలి నౌకాదళ ఆయుధాగారమున పనిచేయు ఉద్యోగులు. సముద్రమెంత గాలించినను ఒక శకలమైనను దొరకలేదు. ఐనను ఆ సెప్టెంబరునందే వాయుసేన విచారణ జరిపి, విమానములోని వారందరును మృతులైనట్లు భావింపవలసియున్నదని కుటుంబములకు లేఖలు వ్రాసెను; తద్ద్వారా వారికి రావలసినవాటికి దారి యేర్పడెను. ఆ విమానపు శకలములు చెన్నై తీరమునకు సుమారు 140 నాటికల్ మైళ్ళ దూరమున, 3,400 మీటర్ల లోతున, కనబడినవని ప్రభుత్వము ప్రకటించినది 2024 జనవరిలో. అనగా ఏడేండ్లు దాటిన తరువాత. సాక్ష్యము కంటబడువరకు ఆగియుండినచో ఆ యెనిమిది సంసారములు ఏమైయుండెడివో ఊహించుకొనవచ్చును. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారమున సిగాచి ఔషధకర్మాగారమున ప్రేలుడు సంభవించినప్పుడును 8 మంది కార్మికుల ఆనవాళ్ళు లభింపలేదు. వారు పూర్తిగా దగ్ధమైయుందురని చెప్పి అధికారులు ఆ కుటుంబములను మూడు నెలలు ఆగుమనిరి, ఏడేండ్లు ఆగుమనలేదు. 2004 నాటి సునామీ, 2013 నాటి కేదారనాథ వరదల పిదపను ప్రభుత్వము ప్రత్యేక పద్ధతి నేర్పరచి, దొరకనివారి మరణములను నమోదు చేయించెను.

విపత్తు పెద్దదై పత్రికల కెక్కినప్పుడు ప్రభుత్వమే ముందుకు వచ్చుననుట దీనివలన తేలుచున్నది. ఒంటరిగా, ఒకనాటి సాయంకాలము, కర్మాగారపు బస్సు దిగి ఇల్లు చేరక పోయినవాని గతి వేరు. అతనికి ఏ విచారణసంఘమును కూర్చుండదు. అతని విషయమున సర్వము ఒక్క కాగితముమీద ఆధారపడియున్నది. అదియే పోలీసు ఫిర్యాదు.

దానిని గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏలయన మనవారు చేయు జాప్యమంతయు ఇచటనే. పరువుపోవునని కొందరు, రేపు వచ్చునని కొందరు, చుట్టాలింట విచారించి చూతమని కొందరు నెలలు గడుపుదురు. ఏడేండ్లును కడపటి వార్త విన్ననాటినుండి లెక్కింపబడునుగాని, ఆ నాటిని రుజువుచేయు పత్రము ఎఫ్.ఐ.ఆర్. తప్ప మరియొకటి దొరకుట దుర్లభము. ఏ ఠాణా పరిధి యను ప్రశ్నకు భయపడనక్కరలేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ననుసరించి నేరసమాచారమును ఏ ఠాణాలోనైనను ఈయవచ్చును. దానినే జీరో ఎఫ్.ఐ.ఆర్. అందురు. కావున గంజాము జిల్లాలోని తల్లి తడవరకు పరుగెత్తి రానవసరములేదు. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఉచితముగా పొందుట ఫిర్యాది హక్కు. శ్రీ సిటీ వంటి సరిహద్దుప్రాంతమున మరియొక విషయము గమనింపదగినది. తడ దాటి కొద్దిదూరము పోయినచో తమిళనాడు. గూడూరు చెన్నై రైలుమార్గము రెండు రాష్ట్రముల గుండ పోవును. పట్టాలప్రక్కన దొరకిన పేరులేని మృతదేహము ఒక రాష్ట్రపు రైల్వేపోలీసుల లెక్కలో నుండగా, దానికై ఎదురుచూచు ఇల్లు మరియొక రాష్ట్రపు ఠాణా చుట్టు తిరుగుచుండుట అసంభవము కాదు. కావున ఫిర్యాదునందు మచ్చలు, పచ్చబొట్లు, కట్టుడు పండ్లు, విరిగి అతికిన ఎముకలు మొదలగువాటిని వ్రాయించి, ఆ ప్రతిని ఇరుప్రక్కల రైల్వేపోలీసులకును పంపుట మేలు.

ఇక ధనము. కనబడకుండ పోయిన భర్త ఏ.టి.ఎం. కార్డు ఇంటనే యుండి, దాని రహస్యసంఖ్య భార్యకు తెలిసియున్నచో, ఆమె దానిని వాడుకొనును. అది సక్రమమని న్యాయవాదిగా నేననజాలను. పిల్లల కూటికై చేసినదానిని తప్పని యనుటకును నోరు రాదు. ఖాతా ఇద్దరి పేరను, ఎవరైనను తీయుటకు వీలుగా నున్నచో చిక్కే లేదు. ఒకరిపేరనే యున్నచో నామినీ పేరు వ్రాసియున్నను లాభములేదు, నామినీకి హక్కు వచ్చునది ఖాతాదారుని మరణానంతరము గనుక. ఐనను 2008లో రిజర్వుబ్యాంకు ఒక ఉత్తరువిచ్చి, కనబడకుండ పోయినవారి ఖాతాలలోని స్వల్పమొత్తముల విషయమున ప్రతి బ్యాంకును ఒక పరిమితి నేర్పరచుకొని, ఆ పరిమితికి లోబడినవాటిని ఎఫ్.ఐ.ఆర్., ఆచూకీ లభించలేదను పోలీసు నివేదిక, నష్టపూచీపత్రము, ఈ మూటిపైననే పరిష్కరింపవలసినదని సూచించెను. ఈ యుత్తరువు సంగతి కౌంటరువద్ద కూర్చున్నవారికి తెలియకపోవచ్చును. అడుగువారు ఎరిగియుండుట అవసరము. కేంద్రప్రభుత్వోద్యోగి యైనచో ఫిర్యాదు నమోదైన 6 నెలలకే కుటుంబపింఛను మంజూరు చేయుటకు నియమములు కలవు. ఒకే ఊరిలో, ఒకే వీధిలో, కేంద్రప్రభుత్వమువారి సమీప అంతరిక్షకేంద్రపు ఉద్యోగి భార్యకు ఆరు నెలలు, కర్మాగారపు కార్మికుని భార్యకు ఏడేండ్లు. ఈ భేదమునకు నాకు న్యాయమేమియు కనబడదు.

అప్పులవారు మాత్రము ఎవరికొరకును ఆగరు. భర్త స్వంతముగా చేసిన అప్పునకు భార్య సహరుణగ్రహీతగానో హామీదారుగానో సంతకము చేసియుండనియెడల ఆమె స్వంత ఆదాయమునుండి తీర్చవలసిన బాధ్యత లేదు. వసూలుకు వచ్చువారి బెదరింపులకు లోబడి క్రొత్త పత్రములపై సంతకము చేయుట గొప్ప ప్రమాదము. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని జతపరచి బ్యాంకునకును చీటీల కంపెనీకిని లిఖితపూర్వకముగా తెలిపి, రసీదు ఉంచుకొనవలెను.

జీవితబీమా విషయమున చేయు పొరపాటు అన్నిటికంటె ఖరీదైనది. మనిషియే లేనప్పుడు ప్రీమియమెందుకని కుటుంబమువారు కట్టుట మానుదురు. 2004లో సుప్రీంకోర్టు, జీవితబీమాసంస్థ కక్షిగా నున్న వ్యాజ్యమున, ఈ విషయమును స్పష్టపరచినది. ఏడేండ్ల యూహ మరణము సంభవించినదనుటకు మాత్రమే. ఏనాడు సంభవించినదో అది చెప్పదు. ఆ యూహయైనను ఆ ప్రశ్న న్యాయస్థానము ఎదుటికి వచ్చినప్పుడే పుట్టును. కాబట్టి అదృశ్యమైననాడే మృతి చెందెనని ఎంచి, నాటికి పాలసీ సజీవముగా నుండెనని వాదించుట చెల్లదు. నడుమ ప్రీమియములు కట్టక పాలసీ మురిగిపోయినచో పూర్తిసొమ్ము రాదు. తీర్పు కఠినమైనదే. కాని చట్టమట్లున్నప్పుడు, గాజులు కుదువబెట్టియైనను ప్రీమియము కట్టుచుండుటయే వివేకము.

బిడ్డల విషయమున కొంత వెలుగు కలదు. హిందూ మైనర్ల సంరక్షకత్వచట్టము తండ్రిని, అతని తరువాత తల్లిని సహజసంరక్షకులుగా చెప్పెను. ‘తరువాత’ యనగా అతని మరణానంతరమనియే చిరకాలము అర్థము చెప్పిరి. రచయిత్రి గీతా హరిహరన్ రిజర్వుబ్యాంకుపై వేసిన వ్యాజ్యమున 1999లో సుప్రీంకోర్టు, తండ్రి లేనిచోట, అందుబాటున లేనిచోట, తల్లియే సంరక్షకురాలని తీర్పు చెప్పెను. కావున బిడ్డపేర ఖాతా తెరచుటకు తల్లి ఏడేండ్లు ఆగనక్కరలేదు. బిడ్డ స్థిరాస్తిని అమ్మదలచినచో మాత్రము కోర్టు అనుమతి వలయును. అట్లే సమష్టికుటుంబపు పెద్ద ఎచటనున్నదియు తెలియనప్పుడు, కుటుంబావసరములకై చిన్నవాడు యజమానిగా వ్యవహరింపవచ్చునని 1991 నాటి మరియొక సుప్రీంకోర్టు తీర్పు ఒప్పుకొన్నది. పరిశ్రమలకై భూసేకరణ జరుగు ఇట్టి ప్రాంతమున పట్టాదారు కనబడకున్నచో పరిహారము ఎవరికిని ముట్టదని కొందరు భయపడుదురు. భూమిని అన్యాక్రాంతము చేయుటకు అర్హుడగువాడు లేనప్పుడు పరిహారపు సొమ్మును న్యాయాధికార సంస్థయందు జమచేయవలెనని 2013 నాటి భూసేకరణచట్టము 77వ సెక్షను నిర్దేశించుచున్నది. హక్కును నిరూపించుకొని అచటినుండి పొందవలెను.

ఏడేండ్లు నిండిన పిదప మరణధ్రువీకరణపత్రము తనంతట రాదు. సివిల్ కోర్టున దావా వేసి, తక్కిన వారసులను ప్రతివాదులుగా చేర్చి, పత్రికాప్రకటన చేయించి, పోలీసు నివేదికతోపాటు బంధుమిత్రుల సాక్ష్యమిప్పించి, డిక్రీ పొందవలెను. ఆ డిక్రీ నాధారముగా మరణము నమోదగును. దానివెంట తహశీల్దారిచ్చు కుటుంబసభ్యుల పత్రము, అవసరమైనచోట వారసత్వపత్రము, భవిష్యనిధి, పాసుపుస్తకపు మార్పు వరుసగా జరుగును. మరణదినమును గూర్చి వివాదమున్నచో దానిని ఎవరు చెప్పుకొందురో వారే రుజువు చేయవలెను. అది పేరునకు జరుగు తంతు కాదు. కొడుకు మొదట పోయి తల్లి పిదప పోయెనని తేలినచో, కొడుకు సొత్తులో తల్లికి వచ్చిన భాగము ఆమె తక్కిన సంతానమునకును చేరును. తల్లియే ముందు పోయియున్నచో చేరదు. అన్నదమ్ముల వ్యాజ్యములు ఈ ఒక్క తేదీ చుట్టును తిరుగుచుండును.

ఆ దావాలో వాది సాధారణముగా భార్యయే. మెడలో తాళి, నుదుట బొట్టు ఉండగా, తన భర్త లేడని ఆమెయే ప్రమాణముచేసి చెప్పవలెను. “బతికుండాడో లేదో నాకే తెలీదు, పోయినాడని నా నోటితో ఎట్ల చెప్పేది సామీ?” అని సత్యవేడు ప్రాంతపు స్త్రీ యొకతె నన్నడిగినది. సాక్ష్యచట్టమున దీనికి సమాధానము లేకపోలేదు: ఆమె చెప్పవలసినది అతడు చనిపోయెనని కాదు, ఏడేండ్లుగా అతని వార్త తాను వినలేదని మాత్రమే. ఈ భేదమును వివరించి చెప్పినపిదప ఆమె సాక్ష్యమిచ్చుట కొప్పుకొన్నది. వివాహబంధము సంగతియు ఇచటనే చెప్పవలెను. ఏడేండ్లు వార్త లేకుండుట హిందూవివాహచట్టము 13వ సెక్షను ప్రకారము విడాకులకు కారణము. మహమ్మదీయస్త్రీకి 1939 నాటి చట్టము నాలుగేండ్లకే ఆ యవకాశము నిచ్చినది. విడాకుల డిక్రీ పొందకయే మరల పెండ్లి చేసికొన్న హిందూస్త్రీకి శిక్ష తప్పవచ్చునుగాని, మొదటి భర్త ఒకనాడు తిరిగివచ్చినచో ఆ రెండవ వివాహము చెల్లదు.

తిరిగివచ్చుట కథలలోనే జరుగునని అనుకొనరాదు. ఢాకా సమీపమున భవాల్ జమీందారీకి చెందిన రెండవ కుమారుడు 1909లో డార్జిలింగున మరణించెననిరి. పండ్రెండేండ్లకు ఒక సన్న్యాసి వచ్చి తానే ఆ కుమారుడ ననెను. 1930లో వేసిన వ్యాజ్యము క్రింది కోర్టున, హైకోర్టున గెలిచి, 1946లో ప్రివీకౌన్సిలునందును గెలిచినది. గెలిచిన కొలది దినములకే ఆయన మరణించెను. న్యాయస్థానములు తొందరపడకుండుటకు ఇట్టి జ్ఞాపకములు కారణము కావచ్చును, దానిని నేను తప్పుపట్టను. నా ఆక్షేపణ మరియొకటి. జమీందారుల సొత్తును కాపాడుటకు నాడు కోర్ట్ ఆఫ్ వార్డ్సు ఉండెను. నాటి మద్రాసు రాజధానియందు దానికై 1902లో చట్టమే చేసిరి. కార్మికుని జీతము, అతని ఎకరము పొలము, అతని ఇల్లు ఏడేండ్లు ఎవరి సంరక్షణయందును ఉండవు. ఇంగ్లండునందు ఈ లోపము నెరిగి 2017లో ఒక చట్టము చేసిరి. యార్కు నగరమున 2009లో అదృశ్యమైన యువతి తండ్రి యేండ్లతరబడి చేసిన ప్రయత్నమువలన వచ్చినదగుటచే దానిని ఆమె పేరిట క్లాడియా చట్టమని పిలుతురు. మనిషి కనబడక 90 దినములు గడచినచో, అతడు చనిపోయెనని ఎవరును చెప్పనక్కరలేకుండ, అతని సొత్తును చూచుటకు కోర్టు ఒక సంరక్షకుని నియమించును. ఒక్కొక్క నియామకపు గడువు నాలుగేండ్లకు మించదు. ఆ సంరక్షకుడు లెక్క చెప్పవలెను. అప్పు తీర్చవచ్చును, ఆధారపడినవారికి పెట్టవచ్చును, అతడు తిరిగివచ్చినచో ఒప్పజెప్పవలెను. మనదేశమున ఇట్టి చట్టము లేదు. దీనికి పెద్ద ధనవ్యయమును అక్కరలేదు. జిల్లాకోర్టులకు ఒక అధికారము చాలును. శాసనసభ్యులలో ఎవరైనను ఈ ప్రసంగము వినుచున్నచో, వారికి నా విన్నపమిదియే.

అట్టి చట్టము వచ్చువరకు ఉన్న సహాయమునైన వదలుకొనరాదు. 1987 నాటి న్యాయసేవల చట్టము 12వ సెక్షను ప్రకారము స్త్రీలకును, పిల్లలకును, షెడ్యూల్డు కులములకు తెగలకు చెందినవారికిని, పారిశ్రామిక కార్మికులకును న్యాయసహాయము ఉచితము. స్త్రీల విషయమున ఆదాయపరిమితి కూడ లేదు. మీ ఇంటగాని, మీ ప్రక్కగదిలోగాని, కనబడకుండ పోయినవారుండి నేటివరకు ఫిర్యాదు వ్రాయించనియెడల, రేపు ఉదయమున ఠాణాకు పోయి వ్రాయించుడు. న్యాయవాదిని పెట్టుకొనుటకు శక్తి లేనివారు 15100 అను సంఖ్యకు ఫోను చేసినచో న్యాయసేవాధికార సంస్థవారు పలుకుదురు.